మాట ముందు, మూట వెనుక

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు ముందు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుంటాడు. రంగు చూస్తాడు. తొడిమ చూస్తాడు. ఒక కాయ విరిచి తేమ ఎంత ఉందో, తాలు ఎంత కలిసిందో అంచనా కడతాడు. సరుకు తెచ్చిన రైతు అక్కడే నిలబడి ఉంటాడు. బేరం కుదిర్చే కమిషన్ వ్యాపారి ఇద్దరికీ తెలిసినవాడే. మాట తేడా వస్తే ఆ పూటే, ఆ టిక్కీ ముందే తేలిపోతుంది.

ఇదే బేరం ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరి మధ్య జరిగితే? అమ్మేవాడు ఒక ఖండంలో, కొనేవాడు ఇంకో ఖండంలో. సరుకును ఫోటోలో చూడటమే తప్ప చేత్తో తాకింది లేదు. వేలం పాట ముగిసింది, డబ్బు వెళ్లిపోయింది, మూట మాత్రం రాలేదు. లేదా వచ్చింది, విప్పి చూస్తే లోపల వస్తువు పగిలి ఉంది. ఇప్పుడు ఎవరిని అడగాలి? ఎలా అడగాలి? అవతలివాడు ఏమని జవాబు చెప్పాలి?

ఇంటర్నెట్ వేలాల చరిత్రను చాలామంది కంప్యూటర్ల కథగా చెబుతారు. కానీ అందులోని ముఖ్యమైన ఆవిష్కరణలు చాలావరకు ఈ మూడు ప్రశ్నల చుట్టూ పుట్టాయి. పాట పాడించే ప్రోగ్రామును ఒక మనిషి ఒక పండుగ సెలవుల్లో రాసేశాడు. తేడా వచ్చినప్పుడు ఇద్దరు అపరిచితులు మాట్లాడుకునే పద్ధతి కుదురుకోవడానికి మాత్రం సుమారు పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్ల కథ ఇది.

పాడైన వస్తువుతో తొలి అమ్మకం

1995 సెప్టెంబరు మొదటి వారం. అమెరికాలో కార్మిక దినోత్సవపు సెలవులు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పియర్ ఒమిడ్యార్ అనే 28 ఏళ్ల ప్రోగ్రామరు తన సొంత వెబ్‌సైటులో 'ఆక్షన్ వెబ్' అనే పేజీ తెరిచాడు. ఇరాన్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పారిస్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరినవాడు. ఎవరైనా ఏ వస్తువైనా పాటకు పెట్టవచ్చు, ఎవరైనా పాడవచ్చు అన్నది ఆయన ఆలోచన. రెండేళ్ల తర్వాత ఆ పేజీకే ఈబే అని పేరు పెట్టారు.

పద్ధతి పనిచేస్తుందో లేదో చూద్దామని ఆయన తన దగ్గర పాడైపోయి పడి ఉన్న లేజర్ పాయింటరును పాటకు పెట్టాడు. అది పాడైందని వివరంలో రాశాడు కూడా. అయినా పాట పెరిగి 14.83 డాలర్ల దగ్గర ఆగింది. ఒమిడ్యార్‌కు అనుమానం వచ్చింది. పాడుకున్న వ్యక్తికి ఉత్తరం రాసి, ఇది పనిచేయదన్న సంగతి మీకు తెలుసు కదా అని అడిగాడు. తెలిసే కొన్నానని అవతలి నుంచి జవాబు వచ్చింది.

ఎలాంటి వస్తువుకైనా ఎక్కడో ఒకచోట కొనేవాడు ఉంటాడని చెప్పడానికి ఈ కథను వాడుతుంటారు. నాకు మాత్రం ఆ అమ్మకంలో వస్తువు కన్నా ఆ చిన్న ఉత్తరమే ముఖ్యంగా కనిపిస్తుంది. లోపాన్ని ముందే రాశాడు. పాట ముగిశాక, మూట కట్టక ముందే, మరోసారి అడిగి నిర్ధారించుకున్నాడు. ఎంతో మంది అమ్మకందారులు దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం ఆ తొలి అమ్మకంలోనే ఉంది.

ఫిర్యాదుల్లోంచి పుట్టిన ఖాతా

ఆక్షన్ వెబ్ మొదట ఉచితం. 1996 ఫిబ్రవరిలో ఆ సైటుకు చోటిచ్చిన సంస్థ నెల అద్దెను 30 డాలర్ల నుంచి 250 డాలర్లకు పెంచింది. ఒమిడ్యార్ అమ్మకాల మీద చిన్న రుసుము పెట్టాడు. రోజూ తపాలాలో కవర్లు రావడం మొదలైంది. వాటిలో చెక్కులు ఉండేవి, అట్టముక్కకు అంటించిన చిల్లర నాణేలూ ఉండేవి. అమ్మకాలు పెరిగినకొద్దీ తగాదాలూ పెరిగాయి. డబ్బు పంపాను సరుకు రాలేదని ఒకరు, సరుకు చెప్పినట్టు లేదని ఒకరు, పాడుకున్నవాడు పలకడం లేదని ఇంకొకరు ఆయనకే రాసేవారు. ఉద్యోగం చేసుకుంటూ ఒక్కడే నడుపుతున్న సైటు అది. ఎవరిది తప్పో తేల్చే తీరిక ఆయనకు లేదు, దూరం నుంచి తేల్చే దారీ లేదు. మీరూ మీరూ మాట్లాడుకోండి అని ఇద్దరినీ కలిపి వదిలేసేవాడు.

ఆ ఒత్తిడిలోంచే 1996 ఫిబ్రవరి 26న ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఆ రోజు ఒమిడ్యార్ తన సైటు వాడేవాళ్లందరికీ బహిరంగ లేఖ రాశాడు. జనంలో ఎక్కువమంది నిజాయితీపరులేనని, మోసగాళ్లు కొందరు ఎక్కడైనా ఉంటారని, మంచి జరిగితే నలుగురికీ తెలిసేలా మెచ్చుకోండని, చెడు జరిగితే అదీ అందరి ముందే చెప్పండని ఆ లేఖ సారాంశం. ప్రతి బేరం తర్వాత ఒకరి గురించి ఒకరు ఒక మాట రాసి, మెచ్చుకుంటే ఒక మార్కు కలపవచ్చు, తిడితే ఒక మార్కు తీసేయవచ్చు. మధ్యస్థంగా ఉంటే సున్నా. మొత్తం మైనస్ నాలుగుకు పడిపోయినవాడికి ఆ బజారులో చోటు లేదు. దీన్నే ఫీడ్‌బ్యాక్ అన్నారు. ఇవాళ ఆటో దిగగానే, అన్నం పొట్లం అందగానే మన ఫోను అడిగే చుక్కల మార్కులు ఆ వంశంలోనివే.

ఇది ఎందుకు పనిచేసిందో తెలియాలంటే మరో పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. కారులో లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్ని కార్లకూ అనుమానపు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. క్రమంగా బజారులో నాసిరకమే మిగులుతుంది. ఈ వివరణకు ఆయన 2001లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు. ఇంటర్నెట్ వేలం అచ్చంగా ఆ బజారే. అది కుప్పకూలకుండా నిలబెట్టింది అమ్మేవాడి పేరు పక్కన కనిపించే ఆ చిన్న అంకె. మోసం చేస్తే ఈ ఒక్క బేరం లాభం, మాట నిలుపుకుంటే రాబోయే వంద బేరాల లాభం అన్న లెక్కను అది అందరికీ కనిపించేలా చేసింది.

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ రెస్నిక్, హార్వర్డ్‌కు చెందిన రిచర్డ్ జెక్‌హౌజర్ మరి ఇద్దరితో కలిసి ఈ అంకె విలువను కొలిచారు. మంచి పేరున్న ఒక అమ్మకందారు పాత పోస్టుకార్డులను జతలుగా విడదీసి, సగం తన అసలు పేరుతోనూ మిగతా సగం కొత్తగా తెరిచిన అనామక పేర్లతోనూ పాటకు పెట్టాడు. సరుకు ఒకటే, పంపేదీ అదే మనిషి. అయినా పాత పేరుకు 8.1 శాతం ఎక్కువ ధర పలికింది. ఆ ఫలితం 2006లో అచ్చయింది. మంచి పేరుకు బజారు కట్టిన వెల అది.

డబ్బు ముందా, సరుకు ముందా?

తొలి రోజుల్లో వేలం ఇంటర్నెట్‌లో జరిగినా డబ్బు మాత్రం తపాలాలోనే నడిచేది. పాడుకున్నవాడు చెక్కు పోస్టు చేసేవాడు. అది చేరడానికి కొన్ని రోజులు. బ్యాంకులో వేసి, అది చెల్లిందని తెలిసేదాకా అమ్మేవాడు సరుకు కదిలించేవాడు కాదు. ఆ తర్వాత పార్సిల్ ప్రయాణం. ఇన్ని రోజుల పాటు కొన్నవాడికి ఏ కబురూ లేదు. అమ్మేవాడు తన జాగ్రత్తలో తానున్నాడు, కొన్నవాడికి మాత్రం మోసపోయానన్న భయం పట్టుకుంది. అంటే చాలా తగాదాల్లో ఎవరి తప్పూ లేదు. వాటికి మూలం మౌనం.

ఈ ముడిని రెండు రకాలుగా విప్పారు. ఒకటి వేగం. 1999లో ఈమెయిల్ చిరునామాకు డబ్బు పంపే పేపాల్ వచ్చింది, వేలాల్లో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దానికి అలవాటుపడిపోయారు. 2002లో ఈబే దాన్ని 150 కోట్ల డాలర్లకు కొనేసింది. రెండోది మధ్యవర్తి. డబ్బును నమ్మకమైన మూడో చేతిలో ఉంచి, సరుకు అందాక వదిలే పద్ధతి. 2000లో ముంబైలో మొదలైన బాజీ డాట్ కామ్‌ను ఈబే 2004లో కొని భారతదేశంలో అడుగుపెట్టాక, ఇక్కడ పైసాపే పేరుతో ఇలాంటి ఏర్పాటే నడిపింది.

మధ్యవర్తి చేతికి డబ్బు అప్పగించడం మనకు కొత్త కాదు. మన తపాలా శాఖ 1877లోనే వీపీపీ ప్రవేశపెట్టింది. పోస్టుమ్యాన్ పార్సిల్ తెస్తాడు, డబ్బు కట్టి విప్పుకోవాలి, ఆ డబ్బును పోస్టాఫీసు మనియార్డరుగా అమ్మినవాడికి పంపుతుంది. పట్నం ముఖం చూడని పల్లెటూరి పాఠకులకు తెలుగు పుస్తకాలు ఇలాగే చేరాయి. పుస్తకాల అట్టల వెనుక 'వీపీపీ ద్వారా పంపబడును' అన్న మాట తాతల తరానికి బాగా గుర్తు. అందులో అమ్మేవాడి కష్టమూ ఉంది. తెప్పించుకున్నవాడు మనసు మార్చుకుని తీసుకోనంటే పార్సిల్ తిరిగొస్తుంది, రానూ పోనూ ఖర్చు అమ్మినవాడి నెత్తిన పడుతుంది. ఇవాళ క్యాష్ ఆన్ డెలివరీలో అమ్మేవాళ్లు ఆర్‌టీవో (రిటర్న్ టు ఆరిజిన్) అని చెప్పుకుని బాధపడేది ఆ పాత కష్టాన్నే.

దారిలో ఉన్న మూటకు గొంతు వచ్చింది

డబ్బు సంగతి తేలింది. ఇక మిగిలిన ప్రశ్న, నా మూట ఎక్కడుంది? దీనికి జవాబు వేలాల కన్నా ముందే కొరియర్ వ్యాపారంలో సిద్ధమైంది. మూట ఎంత ముఖ్యమో మూట గురించిన సమాచారం అంత ముఖ్యమని ఫెడెక్స్ స్థాపకుడు ఫ్రెడ్ స్మిత్ నమ్మాడు. 1979లో ఆ సంస్థ తన పార్సిళ్ల కదలికలను ఒకే కంప్యూటరు వ్యవస్థలోకి తెచ్చింది. 1986లో బార్‌కోడును చదివే చేతి యంత్రాలను సిబ్బందికి ఇచ్చింది. 1994లో ఎవరి మూట ఎక్కడుందో వాళ్లే వెబ్‌సైటులో చూసుకునే వీలు కల్పించింది. అమెరికా తపాలా శాఖ 1999లో మామూలు పార్సిళ్లకూ బట్వాడా నిర్ధారణ మొదలుపెట్టింది. చిన్న అమ్మకందారుకు అదే పెద్ద అండ. పంపావా లేదా అన్న తగాదాకు ఒక సంఖ్య జవాబు చెప్పడం మొదలైంది.

ఇలాంటి సంఖ్య వెనుక ముచ్చటైన తెలివి ఉంది. స్పీడ్ పోస్టు రసీదు మీదో, విదేశీ రిజిస్టర్డ్ కవరు మీదో 13 అక్షరాల సంఖ్య ఉంటుంది. ముందు రెండు అక్షరాలు సేవ ఏమిటో చెబుతాయి, చివరి రెండు అక్షరాలు దేశం పేరు. మధ్యలో 9 అంకెలు. వాటిలో తొమ్మిదోది కాపలా అంకె. ప్రపంచ తపాలా సంఘం పెట్టిన లెక్క ఇది: మొదటి 8 అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడాలి. మొత్తాన్ని 11తో భాగించగా వచ్చిన శేషాన్ని 11లోంచి తీసేయాలి. 10 వస్తే 0 అనీ, 11 వస్తే 5 అనీ రాయాలి.

ఉదాహరణకు అంకెలు 12345678 అనుకుందాం. గుణించి కూడితే 204. 11తో భాగిస్తే శేషం 6. 11లోంచి 6 పోతే 5. కాబట్టి పూర్తి సంఖ్య 123456785. ఇప్పుడు ఎవరైనా తొందరలో మొదటి రెండు అంకెలను తారుమారు చేసి 21345678 అని కొట్టారనుకోండి. మొత్తం 206 అవుతుంది, కాపలా అంకె 3 రావాలి, కాని రసీదు మీద 5 ఉంది. కంప్యూటరు అక్కడే ఆగి తప్పు పట్టుకుంటుంది. అమ్మేవాడు కొన్నవాడికి ఈ సంఖ్యను చేత్తో టైపు చేసి ఊరుకోకుండా రసీదు ఫోటోతో సహా పంపాలని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. ఒక్క అంకె తప్పితే అవతలివాడికి 'అలాంటి పార్సిల్ లేదు' అని కనిపిస్తుంది, ఆ క్షణం నుంచి అమ్మినవాడు అతని కళ్లలో దొంగ.

ఈ సంఖ్యకు ఒక పరిమితీ ఉంది. పార్సిల్ ఒక దేశం దాటి మరో దేశపు కస్టమ్స్ చేతిలో ఉన్నంతకాలం చాలాసార్లు దాని జాడ కదలదు. కొన్ని రోజులు 'దేశం దాటింది' అన్న వాక్యమే కనిపిస్తుంది. యంత్రం మౌనంగా ఉన్న ఆ రోజుల్లో మాట్లాడాల్సింది మనిషే. మూట ఎక్కడ ఆగింది, మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది, ఎప్పటికీ అందకపోతే తాను ఏం చేస్తాడు అన్న మూడు సంగతులను కొన్నవాడు అడగక ముందే చెప్పిన అమ్మకందారుకు ఆ రోజులు గడిచిపోతాయి. చెప్పనివాడికి అవే రోజులు ఫిర్యాదుగా మారతాయి.

పగలకుండా చేరాలి

మూట చేరడం ఒక ఎత్తు, లోపలిది నిక్షేపంగా చేరడం ఇంకో ఎత్తు. ఇందుకు సాయపడిన రెండు వస్తువుల పుట్టుక తెలుసుకోదగ్గది. ముడతల అట్ట మొదట ఇంగ్లండులో టోపీల లోపల పెట్టడానికి వచ్చింది. 1871లో న్యూయార్కుకు చెందిన ఆల్బర్ట్ జోన్స్ సీసాలకూ, దీపపు గాజు చిమ్నీలకూ చుట్టడానికి దాన్ని వాడి పేటెంటు తీసుకున్నాడు. మూడేళ్లకు ఆలివర్ లాంగ్ ఆ ముడతలకు చదునైన కాగితం అతికించి గట్టిదనం తెచ్చాడు. మనింటికి వచ్చే ప్రతి అట్టపెట్టె దాని వారసురాలే.

ఇక గాలి బుడగల ప్లాస్టిక్ కాగితం. 1957లో న్యూజెర్సీలో ఆల్‌ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ స్నానాల గది తెరలు రెంటిని అతికించి గోడ కాగితం చేయబోయారు. గోడ కాగితంగా అది ఎవరికీ నచ్చలేదు. కొన్నేళ్లకు ఐబీఎం తన కంప్యూటర్లను దెబ్బ తగలకుండా పంపడానికి దాన్ని వాడడంతో దాని అసలు ఉపయోగం తేలింది.

వేలం అమ్మకందారులు ఈ రెంటినీ కలిపి తమ విద్యగా చేసుకున్నారు. పింగాణీ పాత్రను బుడగల కాగితంలో చుట్టి చిన్న పెట్టెలో పెడతారు. ఆ పెట్టెను నాలుగు వైపులా మెత్తటి సరంజామా నింపిన పెద్ద పెట్టెలో పెడతారు. కింద పడితే దెబ్బ బయటి పెట్టె దగ్గరే ఆగుతుంది. కట్టే ముందు వస్తువునూ, కట్టాక పెట్టెనూ ఫోటో తీసి పెట్టుకుంటారు. పగిలిందని కబురు వస్తే ఆ ఫోటోలే కొరియర్ వాళ్లతో మాట్లాడతాయి. పెట్టె లోపల కూడా ఇద్దరి చిరునామాలూ రాసిన కాగితం ఒకటి ఉంచుతారు. పైన అంటించిన చీటీ వానకు తడిసి ఊడిపోయినా మూట అనాథ కాదు.

నాలుగు రకాల చుక్కలు

ఫీడ్‌బ్యాక్ పద్ధతికి కొన్నేళ్లలో ఒక జబ్బు పట్టుకుంది. కొన్నవాడు చెడ్డ మార్కు వేస్తే అమ్మినవాడు పగబట్టి అతనికీ చెడ్డ మార్కు వేసేవాడు. అందుకని కొన్నవాళ్లు భయపడి మంచే రాసేవారు, లేదా ఊరుకునేవారు. రెస్నిక్, జెక్‌హౌజర్ 1999 నాటి లెక్కలు తీసి చూస్తే కొన్నవాళ్లలో సగం మంది మాత్రమే ఏదో ఒకటి రాశారు. వాటిలో చెడ్డవి ఒక శాతం లోపే. అందరూ మంచివాళ్లుగా కనిపించే చోట నిజంగా మంచివాడిని గుర్తుపట్టడం కష్టం.

2007లో ఈబే కొన్నవాళ్ల చేత నాలుగు అంశాలకు విడివిడిగా మార్కులు వేయించడం మొదలుపెట్టింది. వస్తువు చెప్పినట్టు ఉందా? అమ్మేవాడు సరిగా మాట్లాడాడా? ఎంత త్వరగా పంపాడు? పంపడానికి వేసిన ఖర్చు న్యాయంగా ఉందా? ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు చుక్కలు. ఎవరు ఎన్ని వేశారో అమ్మేవాడికి తెలియదు, సగటు మాత్రమే కనిపిస్తుంది. ఈ నాలుగింటిని మళ్లీ చదవండి. వస్తువు గురించి ఒక్క ప్రశ్నే ఉంది. మిగతా మూడూ మాటా మూటా గురించినవే. కొనేవాడి మనసులో అమ్మేవాడి పేరు దేనితో తయారవుతుందో పన్నెండేళ్ల అనుభవం తర్వాత బజారు రాతపూర్వకంగా ఒప్పుకున్న సందర్భం అది.

మరుసటి ఏడాది ఇంకా పెద్ద మార్పు. 2008 మే నుంచి కొన్నవాళ్లకు చెడ్డ మార్కు వేసే హక్కు అమ్మేవాళ్లకు పోయింది. ఈ మార్పులకూ కొత్త రుసుములకూ నిరసనగా ఆ ఫిబ్రవరిలోనే కొందరు అమ్మకందారులు వారం రోజులు సరుకు పెట్టకుండా ఊరుకున్నారు. వారి కోపంలో న్యాయం ఉంది. పాట పాడి డబ్బు కట్టనివాడి నుంచి, వాడుకుని పగిలిందనేవాడి నుంచి వాళ్లకూ రక్షణ కావాలి. అయినా పగ భయం పోయి నిజం బయటికి రావాలంటే ఆ అడుగు తప్పలేదని నేను నమ్ముతాను.

పంపే ఖర్చు విషయంలోనూ ఒక దారి మూశారు. కొందరు వస్తువుకు నామమాత్రపు ధర పెట్టి, పార్సిల్ ఖర్చు పేరుతో అసలు ధర రాబట్టుకునేవారు. రుసుము వస్తువు ధర మీదే ఉండటంతో అది వారికి లాభం. 2011లో అమెరికాలో పార్సిల్ ఖర్చు మీదా రుసుము పడటంతో ఆ పనికి అర్థం లేకుండా పోయింది.

పెద్దమనిషి లేని పంచాయితీ

ఎంత జాగ్రత్త పడ్డా కొన్ని తగాదాలు తప్పవు. ఊళ్లో అయితే రచ్చబండ దగ్గర నలుగురు పెద్దమనుషులు కూర్చుని తేలుస్తారు. ఇరవై డాలర్ల గడియారం కోసం ఏ కోర్టుకు వెళ్లాలి, ఏ దేశపు కోర్టుకు వెళ్లాలి?

1999లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఈథన్ కాట్ష్ బృందం ఈబేతో కలిసి ఒక ప్రయోగం చేసింది. మధ్యవర్తి ఒకరు ఈమెయిళ్ల ద్వారా ఇరువైపులా విని రాజీ కుదర్చాలి. కొద్ది వారాల్లోనే 200కు పైగా తగాదాలు వచ్చాయి. దీని తర్వాత స్క్వేర్‌ట్రేడ్ అనే సంస్థ ఆ పనిని ఎత్తుకుని ఒక కీలకమైన సంగతి కనిపెట్టింది. కోపంతో ఉన్న మనిషికి ఖాళీ కాగితం ఇస్తే తిట్లు రాస్తాడు. అదే మనిషికి ఒక ఫారం ఇచ్చి, సమస్య వీటిలో ఏది, మీకు ఏం జరిగితే చాలు అని అడిగితే పరిష్కారం రాస్తాడు. డబ్బు వాపసా, కొంత తగ్గింపా, మార్చి ఇవ్వడమా, జాప్యానికి వివరణా? ఎన్నో తగాదాలు మనిషి మధ్యవర్తి దాకా రాకుండానే ఆ ఫారం మీదే ముగిశాయి. మనిషి కావాలంటే కొద్దిపాటి రుసుముతో ఒకరిని పిలిచేవారు.

2003లో కాలిన్ రూల్ ఈబేలో ఈ పనికి బాధ్యత తీసుకున్నాక ఆ పద్ధతి వ్యవస్థగా ఎదిగింది. ఏడాదికి 6 కోట్ల తగాదాలు ఆ దారిలో నడిచేవి, వాటిలో అత్యధిక భాగం సాఫ్ట్‌వేర్ సాయంతోనే తేలేవి. ముందు కొన్నవాడు అమ్మినవాడికే చెప్పాలి. అమ్మినవాడికి జవాబిచ్చే గడువు ఉంటుంది, ఇప్పటి నియమం 3 పనిదినాలు. అప్పటికీ తేలకపోతే సంస్థ కల్పించుకుని తీర్పు చెబుతుంది. 2010లో డబ్బు వాపసు హామీ దీనికి తోడై మొత్తం చట్రం పూర్తయింది.

క్షమాపణ వెల

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంతో సంబంధమున్న పరిశోధకులు జర్మనీ ఈబేలో పెద్ద ఎత్తున అమ్మే ఒక సంస్థతో కలిసి ఒక పరీక్ష చేశారు. సరుకు ఆలస్యమైందనో మరేదో కారణంతోనో అసంతృప్తి రాసిన కొనుగోలుదారులను వేర్వేరు గుంపులు చేశారు. కొందరికి క్షమాపణ చెబుతూ, మీ మాట వెనక్కి తీసుకుంటారా అని అడిగారు. మిగతా గుంపులకు ఆ పని చేస్తే రెండున్నర యూరోలో, ఐదు యూరోలో ఇస్తామన్నారు. డబ్బుకు ఒప్పుకున్నవారు 23 శాతం. వట్టి క్షమాపణకు ఒప్పుకున్నవారు 45 శాతం.

ఆ క్షమాపణ మామూలు వ్యాపార ఉత్తరం, అందులో కవిత్వమేమీ లేదు. అయినా డబ్బు కన్నా రెండింతలు పనిచేసింది. మూట ఆలస్యమైనందుకు మనిషికి కలిగే బాధలో డబ్బు పాలు కొంతే. నన్ను లెక్కచేయలేదన్న బాధ మిగతాది. దానికి మందు మాటే.

ఇక మన వంతు

భారతదేశపు ఈబే 2018లో మూతపడింది. ఆ బజారు పెంచిన అలవాట్లు మాత్రం ఎటూ పోలేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. 1915 నంబరుకు ఫోను చేసి ఎవరైనా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో మొర పెట్టుకోవచ్చు. 2022 నుంచి తపాలా శాఖ తెరుస్తున్న డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా చిన్న ఊళ్ల నుంచీ విదేశాలకు సరుకు పంపవచ్చు. కొండపల్లి బొమ్మో, పాత నాణెమో, తాత వదిలిన ఇత్తడి కూజానో ఇంటర్నెట్‌లో పాటకు పెట్టాలనుకునే తెలుగువారికి ఇవాళ దారులు ఉన్నాయి.

వారికి నేను చెప్పదలచింది ఒక్కటే. పాట ముగిసిన రోజునే ఇలాంటి నాలుగు ముక్కలు రాయండి: "నమస్కారం అండీ. మీరు పాడుకున్న ఇత్తడి కూజాను ఈ ఉదయం స్పీడ్ పోస్టులో వేశాను. రసీదు ఫోటో పంపుతున్నాను. మూతి దగ్గర సొట్ట ఉందని ముందే చూపించాను, మరోసారి గుర్తు చేస్తున్నాను. వారం దాటినా అందకపోతే నాకే రాయండి, పోస్టాఫీసుకు వెళ్లి నేనే కనుక్కుంటాను."

మూట ఆలస్యమైతే వాళ్లు అడగక ముందే మీరు చెప్పండి. పగిలితే ముందు క్షమాపణ చెప్పి డబ్బు వాపసివ్వండి, కొరియర్ వాళ్లతో పోరాటం ఆ తర్వాత చేయండి. తప్పు మీది కాకపోయినా మర్యాద తప్పకండి. ఈ ముప్పై ఏళ్లలో వచ్చిన మార్కులూ, అంకెలూ, ఫారాలూ అన్నీ మనిషి మాట మీద నిలబడడానికి వేసిన ఊతకర్రలు. మాట తానుగా నిలబడిన చోట వాటి అవసరం చాలా తక్కువగా పడుతుంది.